క్రోమా, బ్లాకా, నా ఖర్మా!

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. అబద్ధం. నాకు జరిగే అన్యాయాలు ఎక్కువ. కోపం వాటికి సరిపడా మాత్రమే వస్తుంది.

ఆ రోజు సంగతే తీసుకోండి. ఇరుకు సందులోకి మా పికప్ బండిని తోలుతున్నది ఆమె. ముందు నిలబడి, ఆమెకేసి తిరిగి దారి చూపిస్తున్నది నేను.

"ఎడమకి! ఎడమకి!" అని అరిచాను.

ఆమె తిప్పింది. ముందు చక్రం గోడ మూలరాయికి కొట్టుకుని పగిలింది.

"ఎడమకేగా తిప్పాను!" అంటూ కిందికి దూకింది.

"నా ఎడమకి!"

"స్టీరింగ్ నా చేతిలో ఉంటే ఎడమ నీదెలా అవుతుంది?"

మీరే చెప్పండి, ఒళ్ళు మండదా?

మాది ఇళ్ళు మార్చే పని. సోఫాలు, ఫ్రిజ్‌లు, బీరువాలు ఒక ఇంట్లోంచి మోసుకెళ్ళి ఇంకో ఇంట్లో దించుతాం. మా నాన్నా వాళ్ళ నాన్నా కలిసి పెట్టిన వ్యాపారం. చుట్టరికం ఏమీ లేకపోయినా "బావా" అంటే "బావా" అనుకుంటూ బతుకంతా బరువులు మోశారు. నడుములు పట్టేశాక బండిని మా ఇద్దరి చేతుల్లో పెట్టారు.

ఆమెని నేను టేపు అంటాను. ఏ ఇంటికెళ్ళినా జేబులోంచి టేపు తీసి గుమ్మం కొలిస్తే గానీ సామాను ముట్టదు. నాకు ఆమె పెట్టిన పేరు మిరపకాయ. ఎందుకు పెట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు.

పగిలిన చక్రం చూసి నాన్నలిద్దరూ పంచాయితీ పెట్టారు. అలాంటి చక్రాలు ఇప్పుడు రావడం లేదు. మారిస్తే నాలుగూ మార్చాలి.

"ఇద్దరూ కలిసి వెళ్ళి వేయించుకు రండి," అన్నాడు నాన్న. "ఏదైనా సరే, ఇద్దరూ ఒప్పుకున్నది వేయించండి. చక్రాల దగ్గర కూడా కొట్టుకు చచ్చారంటే బండి అమ్మేస్తాం. ఎవరి దారి వాళ్ళు చూసుకోండి."

"మా అమ్మాయికి వాళ్ళ పెద్దమ్మ ఊళ్ళో గోడౌన్ ఉద్యోగం రెడీగా ఉంది," అన్నాడు మామయ్య. అంటే టేపు వాళ్ళ నాన్న. "ఎప్పట్నుంచో రమ్మంటున్నారు."

టేపు తల ఊపింది. చూశారా? "నేను వెళ్ళను" అని ఒక్క మాట అనొచ్చుగా! గంగిరెద్దులా తల ఊపింది.

వీల్స్ షాపు అన్న రెండు చక్రాలు తెచ్చి బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు. ఒకటి అద్దంలా మెరిసే క్రోమ్, ఒకటి బ్లాక్.

"క్రోమ్," అంది టేపు.

"బ్లాక్," అన్నాను నేను.

"మన బండి వీధి మలుపు తిరగ్గానే అందరికీ తెలియాలి. తళతళలాడాలి."

"మనం మోసేది బీరువాలు. పెళ్ళికొడుకుని కాదు. క్రోమ్ వేస్తే బండి పళ్ళికిలించినట్టుంటుంది."

"నలుపు వేస్తే బండికి కాళ్ళు లేనట్టుంటుంది. గాల్లో తేలుతున్న దెయ్యంలా."

"రోజూ తుడవాలి క్రోమ్‌ని! ఎవరు తుడుస్తారు?"

"నువ్వే."

నేనే! నిర్ణయం ఆవిడది, గుడ్డ నా చేతికి! అక్కడే పెద్దగా అరిచాను. ఆవిడా అరిచింది. టైర్లకి గాలి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ పని మర్చిపోయి మా చుట్టూ నిలబడ్డారు.

"అమ్మా తల్లీ, బాబూ," అని అన్న చేతులు జోడించాడు. "బండి ఇక్కడ వదిలి వెళ్ళండి. తేల్చుకుని ఫోన్ చేయండి. నా బేరాలు పోతున్నాయి."

ఇంటికొచ్చి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. కోపం వల్లే అనుకున్నాను. గెలిచే వాదనలు ఒక్కొక్కటే తయారుచేసుకుంటుంటే మధ్యలో బీరువా గుర్తొచ్చింది. మెట్ల మీదుగా బీరువా దించేటప్పుడు ఇటు నేను, అటు ఆమె. దాని పైనుంచి ఆమె నుదురూ కళ్ళూ మాత్రమే కనిపిస్తాయి. ఆ కళ్ళు నన్నే చూస్తుంటాయి, నేను జారితే పట్టుకోవాలని. ఒకసారి నిజంగానే జారాను. బరువంతా తన మీదికి లాక్కుని, పంటి బిగువున "మెల్లగా, మిరపకాయ్" అంది.

బీరువాకి అటువైపు ఇంకెవరినో నిలబెట్టి ఊహించుకోబోయాను. నా వల్ల కాలేదు. నాకు బండి ఏమైపోయినా ఫరవాలేదు, ఆమె వెళ్ళిపోకూడదు. ప్రేమంటే ఇదే అయితే, అది కూడా నన్నడక్కుండానే నాకు జరిగిన ఇంకో అన్యాయం.

పొద్దున్నే అన్నకి ఫోన్ చేశాను. "క్రోమ్ వేసెయ్."

"నువ్వేనా మాట్లాడేది?" అన్నాడు అన్న.

"చెప్పింది చెయ్యన్నా!"

సాయంత్రం వెళ్ళేసరికి చినుకులు మొదలయ్యాయి. టేపు అప్పటికే అక్కడుంది. బండికి అటుపక్క, డ్రైవరు తలుపు దగ్గర నిలబడి ఉంది. నా పక్క రెండు చక్రాలూ క్రోమ్. నా ముఖం వాటిలో సొరకాయలా సాగి కనిపించింది. సరే, ఆమె సంతోషం ముందు నా ముఖం ఎంత? చూద్దామని చుట్టూ తిరిగి అటు వెళ్ళాను.

అటుపక్క రెండూ బ్లాక్.

"అన్నా! ఇదేం పని?"

అన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతనికీ ఒళ్ళు మండిపోయి ఉంది. "ఏం పనా? నిన్న నువ్వు బ్లాక్, ఈ అమ్మాయి క్రోమ్. పొద్దున నువ్వు ఫోన్ చేసి క్రోమ్ అన్నావ్. ఫోన్ పెట్టేశానో లేదో, ఈ అమ్మాయి చేసి బ్లాక్ అంది. నేనేం చేయాలి? నువ్వు కూర్చునే పక్క నువ్వు చెప్పింది, ఆమె కూర్చునే పక్క ఆమె చెప్పింది వేశాను. ఇప్పుడు నన్ను కొడతారా?"

నేను టేపు వైపు తిరిగాను. "బ్లాక్ ఎందుకు చెప్పావ్?"

"నువ్వు క్రోమ్ ఎందుకు చెప్పావ్?"

"నీకు ఇష్టమని!"

"నేనూ నీకు ఇష్టమనే!"

"నన్నడిగావా? ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు త్యాగాలు చేసేయడమేనా?"

"నువ్వు నన్నడిగావా? అసలు నువ్వెప్పుడు తగ్గావ్? ఇప్పుడే ఎందుకు తగ్గాల్సొచ్చింది?"

"నువ్వు పెద్దమ్మ దగ్గరికి పోతావని! నువ్వు పోతే నేను బతకలేనని! చాలా?"

అరిచాక గానీ ఏం అరిచానో నాకు తెలియలేదు. చినుకులు రేకుల మీద టపటపమంటున్నాయి. టేపు చెంపలు ఎర్రబడ్డాయి. జేబులోంచి టేపు తీసింది. దేన్ని కొలవాలో తోచక మళ్ళీ జేబులో పెట్టుకుంది.

"పెద్దమ్మకి రానని ఎప్పుడో చెప్పేశాను," అంది మెల్లగా.

"మరి తల ఎందుకు ఊపావ్?"

"నువ్వు వెళ్ళొద్దంటావేమోనని. అనలేదుగా! రాయిలా నిలబడ్డావ్. ఎంత కోపం వచ్చిందో తెలుసా నాకు?"

ఇంతకన్నా మోసం ఉంటుందా? నా నిద్ర పాడుచేసి, నా బ్లాక్ నాతోనే వదిలించి, పైగా కోపం ఆవిడకట! ఏదో అనబోయాను. నవ్వొచ్చేసింది.

"షట్టర్ వేసుకోవాలి నేను," అన్నాడు అన్న. "చక్రాలు విప్పాలా, ఉంచాలా? ఒక్క మాట చెప్పండి!"

"ఉంచు," అన్నాం ఇద్దరం.

అన్న నోరెళ్ళబెట్టి చూశాడు. మా ఇద్దరి నోటా ఒకే మాట అతను వినడం అదే మొదలు.

దారంతా వాన. కొత్త చక్రాల కింద బురద చిమ్ముతోంటే టేపు ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "రెండు చేతులతో తోలు," అన్నాను. "నోర్మూసుకో," అంది. మూసుకున్నాను. కోపం రాలేదు. అదే విచిత్రం.

ఇల్లు చేరేసరికి నాలుగు చక్రాలూ బురద ముద్దలు. వాన వెలిసింది. నాన్నా మామయ్యా గేటు దగ్గరే కాచుకుని ఉన్నారు.

"ఏ రంగు వేయించారు?" అని అడిగాడు నాన్న.

"క్రోమ్," అన్నాను.

"బ్లాక్," అంది టేపు.

నాన్న తల పట్టుకున్నాడు. "అయిపోయింది. వీళ్ళు బాగుపడరు బావా. బండి అమ్మేద్దాం."

"అసలేం వేయించారో చూద్దాం పట్టు," అన్నాడు మామయ్య. ఇద్దరూ చెరో చెంబూ పట్టుకుని చెరో పక్కా చేరారు. నీళ్ళు కొట్టారు.

"క్రోమే బావా!" అన్నాడు నాన్న ఇటునుంచి.

"కళ్ళకి పొరలు కమ్మాయా? నల్లగా నిగనిగలాడుతోంటేను!" అన్నాడు మామయ్య అటునుంచి.

"నా కళ్ళకేం? నా ముఖం కనిపిస్తోంది ఇందులో!"

"నీ ముఖం కనిపిస్తే అది నల్లగానే ఉంటుంది!"

"ఎన్నేళ్ళుగా చూస్తున్నాను, నీకు మొండితనం తగ్గలేదు!"

"నాకా మొండితనం?"

చెంబులు కింద పడేసి బండి చుట్టూ తిరిగారు. నాన్న అటు వెళ్ళాడు, మామయ్య ఇటు వచ్చాడు. ఈసారి నాన్నకి నలుపు కనిపించింది, మామయ్యకి తన ముఖం.

"ఇద్దరం ఒప్పుకునే వేయించాం," అన్నాను. "అమ్మడానికి వీల్లేదు."

"ఆమె ఎక్కడికీ వెళ్ళదు," అని కూడా అన్నాను. ఆ మాట మొన్ననే అనాల్సింది.

మామయ్య కూతురి ముఖం చూశాడు. తర్వాత ఆమె చేతిలో ఉన్న నా చెయ్యి చూశాడు. బండి దిగాక మళ్ళీ ఎప్పుడు పట్టుకున్నామో మాకే తెలియదు. "బావా," అన్నాడు బండి మీదుగా, "మనం ఉత్తుత్తినే పిలుచుకున్న పిలుపు నిజమయ్యేలా ఉందే!"

నాన్న బండి చుట్టూ తిరిగి వచ్చి టేపు తల మీద చెయ్యి వేశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. మాట మాత్రం ఎప్పటిలాగే గట్టిగా వచ్చింది. "పెళ్ళి ఫోటోలోనైనా పోట్లాడకుండా నిలబడతారా మీరు?"

"నేను ఎడమ పక్కన నిలబడతాను," అంది టేపు.

"ఎవరి ఎడమ?" అన్నాను, ఒళ్ళు మండి.