పైరు తినేవాళ్ళు

గాజుకప్పుల కింద తప్ప వరి ఎక్కడా పండని కాలమది. దివిసీమ తీరంలో అలాంటి ఒక కప్పు కిందే ఊరు ఊరంతా బతుకుతోంది. వరి రసం పీల్చేసే సుడిదోమ దానిలోకి ఎలా చొరబడిందో ఎవరికీ తెలీదు. మందు కొట్టే వీల్లేదు. పైరు పీల్చే గాలినే జనమూ పీల్చాలి. పొట్టకొచ్చిన చేలు కళ్ళముందే మాడిపోతున్నాయి. పిల్లలకు పూటకో గరిటెడు గంజి పోస్తున్నారు.

ఆ ఊరి కీటక శాస్త్రజ్ఞురాలు వకుళకు మిగిలిన దారి ఒక్కటే. ఎప్పుడో అంతరించిపోయిన పచ్చిక సాలీడు కణాలు ఆమె ప్రయోగశాల శీతలగదిలో ఉన్నాయి. అది గూడు అల్లదు. ఎండుగడ్డి రంగు సన్నటి ఒళ్ళు. ఆకు పొడవునా కాళ్ళు చాపుకుని పడుకుంటుంది. పురుగు అలికిడైతే చాలు, పరుగెత్తి పట్టేస్తుంది. వకుళ దానికి మళ్ళీ ప్రాణం పోసింది. తలలో ఇసుకరేణువంత నాడీచిప్ అమర్చింది; విషం ఎంత ఊరాలో కూడా ఆ చిప్పే చూస్తుంది. ఆకుల కదలికను బట్టి సాలీళ్ళను నడిపించే కంప్యూటర్‌కు ‘కంపనగ్రాహి’ అని పేరు పెట్టింది. ఆకలితో ఊరు తొందరపెడుతుంటే, దానికి ఒకే ఆజ్ఞ ఇచ్చింది: పైరు తినేదాన్ని పట్టు.

సుడిదోమ పోయింది. చేలు తేరుకుని కంకులు పాలు పోసుకున్నాయి. వకుళ చాన్నాళ్ళకు కంటినిండా నిద్రపోయింది.

ఒక ఉదయం కంపనగ్రాహి ఆమెను పిలిచింది. “పైరు తింటున్న ప్రాణి దొరికింది. బరువు చాలా ఎక్కువ.”

వకుళ పరుగున వెళ్ళింది. గట్టు పక్కన, నాట్లు వేసే నాంచారమ్మ కూలబడి ఉంది. పెదాల మీద పచ్చిగింజల పాలు. మోచేతిదాకా వాచిపోయిన కుడిచెయ్యి. దానిమీద సాలీళ్ళు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి. వకుళ వాటిని దులిపేసి, ఆమెను మోసుకొచ్చి విరుగుడు వేసింది.

“ఆకలేసిందమ్మా,” అంది నాంచారమ్మ.

వకుళ కంపనగ్రాహిని ఆపబోతే ఊరిపెద్ద వీరరాఘవయ్య అడ్డుపడ్డాడు. కంకులు పోతున్నాయని ఎప్పట్నుంచో అనుమానమేనని, ఇన్నాళ్ళకు కాపలా దొరికిందని అన్నాడు. కోతలదాకా సాలీళ్ళు ఉండాలి, విషం ఇంకాస్త పెంచాలన్నాడు. పెంచితే మనుషులు చచ్చిపోతారని వకుళ చేతులు జోడించి బతిమాలింది. ఊరివాళ్ళనే అడుగుదామన్నాడాయన.

గిడ్డంగి ముందు అందరూ చేరారు. వకుళ నాంచారమ్మను పక్కన నిలబెట్టుకుని ఆ చెయ్యి చూపించింది. ఈవిడ దోమ కాదు, మీ మనిషి అంది. రేపు మీ బిడ్డ తాళలేక ఓ కంకి తుంచితే ఏం చేస్తారని అడిగింది. అందరూ తలలు దించుకున్నారు. ఆమెకు ఆశ పుట్టింది.

విషం పెంచాలన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు వీరరాఘవయ్య.

ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే అన్నీ లేచాయి. వకుళ పక్కకు తిరిగింది. ఎడమచెయ్యి ఎత్తకూడదని కాబోలు, నాంచారమ్మ ఆ వాచిన కుడిచేతినే మోచెయ్యి కింద పట్టుకుని, పళ్ళ బిగువున పైకెత్తుతోంది.

“నువ్వు కూడానా?” అంది వకుళ.

“నేను ఒక్కపూట తిన్నానమ్మా,” అంది నాంచారమ్మ, ఆమె మొహం చూడకుండా. “రోజూ తినేవాళ్ళు వేరే ఉన్నారు.”