రెండో ముడి

"ఈ చింకి చీరలు మీ ఇంట్ల ఎవరన్న కట్టుకుంటరా?"

వనపర్తి చర్చి ఆవరణలో టర్కీ భూకంప బాధితుల కోసం బట్టలు పోగుచేస్తున్నారు. నర్సు రెబెకా మూట విప్పి అడిగిన మొదటి మాట అది. ఆ మూట తెచ్చింది కోడేరు ఊరి జితేందర్. ఊరంతా తిరిగి తెచ్చాడు పాపం. అక్కడ మంచు కురుస్తోందనీ, వాళ్ళ గోస మన చెత్తకుండీ కాదనీ అందరి ముందే దులిపేసింది. అన్నది నిజమే. పారేసేదాన్ని దానమనడం మనకు అలవాటైపోయింది.

మరునాడు కొత్త నల్ల గొంగడితో వచ్చాడు.

"ఇది గూడ చింకిదేనా మేడం?"

ఆమె నవ్వు దాచుకుని గొంగడి మూలన ఎర్రదారంతో ఒక ముడి వేసింది. రెబెకా వాళ్ళది పాన్‌గల్. తల్లి విజయమ్మ ఇరవై ఏళ్ళు మట్టిపనికి వలసపోయిన మనిషి. గుడారాల్లో గొంగళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి, దారం రంగు చూసి ఎవరిదో పోల్చుకునేవారట. ఎర్రదారం తమ ఇంటిదంది.

"అయితే ఇది నీకే. ఎవ్వలకు ఇయ్యకు," అన్నాడు జితేందర్. మేడం ఎప్పుడు నువ్వయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

వారం తర్వాత ఆ గొంగడి వెంటబెట్టుకుని ఆమె ఒక సేవాసంస్థ వైద్యబృందంతో టర్కీ విమానమెక్కింది. రోజుకో మెసేజ్ పెట్టేది. అతను పల్లీచేను గట్టుమీద కూర్చుని చదివేవాడు. చెప్పాల్సిన మాట మాత్రం టైప్ చేసి చెరిపేసేవాడు.

అంతలో అక్కడ భూమి మళ్ళీ కదిలింది. మెసేజ్ లేదు. ఫోన్ కలవదు. మూడోరోజు సంస్థ గ్రూపులో ఫొటో వచ్చింది. మంచులో స్ట్రెచర్. దానిమీద మనిషికి తల నుంచి పాదాల దాకా కప్పిన నల్ల గొంగడి. మూలన ఎర్రదారం.

పాన్‌గల్ దాకా బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు. విజయమ్మ ఫోన్ చేతబట్టుకుని గడపలోనే కూర్చుంది. ఎవరివని అడిగింది. గొంగడి ఇచ్చినవాణ్ణని చెప్పి, దాచే ధైర్యం చాలక ఫొటో చూపించాడు.

ఆమె ఫోన్ మీదికి వంగింది. "జర పెద్దగ చెయ్యి కొడుకా. ఆ మూల."

ఆ మూలను సాగదీశాడు.

"ముడులెన్ని?"

"రెండు."

"సక్కగ చూడు."

"రెండేనమ్మా."

విజయమ్మ గోడకు ఒరిగింది. తమ గొంగడి ఇంకొకరికి ఇచ్చేస్తే రెండో ముడి వేస్తారట. రేపెవరూ ఆ మనిషిని దొంగ అనకుండా.

"కప్పుకున్నది నా బిడ్డ గాదు. ముడేసింది నా బిడ్డ."

"మరి ఎప్పుడిచ్చిందో? భూమి కదలకముందా, కదిలినంకనా?"

"అది తెల్వదు. కూసో."

జొన్నరొట్టె పెట్టింది. ఇద్దరూ ముట్టలేదు. పొద్దు వాలుతుండగా విజయమ్మ ఫోన్ మోగింది. స్పీకర్లో రెబెకా గొంతు. టవర్లు కూలిపోయాయని, ఎవరి ఫోనో అడిగి తీసుకున్నానని చెప్పింది. ఫొటోలో ఉన్న ముసలమ్మను ఆ పొద్దుటే శిథిలాల్లోంచి తీశారు, బతికే ఉంది. మంచు పడకుండా ముఖం కప్పారంతే. ఇటు జితేందర్ కూడా ఉన్నాడని తెలిశాక అతన్నే అడిగింది.

"నీ గొంగడి ఇచ్చేసిన. కోపమొచ్చిందా?"

చెరిపేయడానికి ఇక్కడ టైప్ చేసిందేమీ లేదు.

"ఇంకోటి నేయిస్త. ఇద్దరికి సరిపోయేంత. దానికి మాత్రం రెండో ముడి ఎయ్యకు."

 అటునుంచి రెబెకా సన్నగా, "ఇంట్ల ఎర్రదారం ఉన్నదేమో అమ్మను అడుగు," అంది.

విజయమ్మ చల్లారిన రొట్టెను అతని ముందుకు జరిపి, దారపుండ వెతకడానికి లేచింది.