గొర్రె ఉండాల్సిన చోట

విద్యాశాఖ ఆఫీసు ప్రోగ్రామర్ బూరుల్ వచ్చి సుయున్‌బెక్ ఎదురుగా కూర్చుంది. చేతిలో ప్రశంసాపత్రం. పేరు డెబ్బై ఏళ్ల టీచరమ్మది. ఫొటో మాత్రం ఒత్తైన జుట్టున్న కుర్రాడిది. ఎడమ చెవి తమ్మెకు చిన్న గాటు.

"రిటైరైన టీచర్లు రెండొందల పన్నెండు మందికీ ఇదే మొహం వెళ్లింది, సుయున్‌బెక్ బైకే. ఎవరిదో తెలీదు. సాయంత్రంలోగా తేలకపోతే నా ఉద్యోగం ఊడుతుందట." బైకే అంటే అక్కడ అన్నగారు.

ప్రైవేటు డిటెక్టివ్ సుయున్‌బెక్ టీ ఊదుకున్నాడు. బిష్కెక్‌లో ఆయన తేల్చిన కేసులు పద్నాలుగు. వాటివల్ల ఎవరైనా బాగుపడ్డ దాఖలా లేదు. అయినా అసిస్టెంటు తోల్కున్‌కు ఆయనంటే మహా గురి.

"నీ ప్రోగ్రాం ఏం చేస్తుందమ్మా?"

"కంప్యూటర్లోని నమూనా కాగితంలో ఫొటో చోట ఉత్తుత్తి బొమ్మ ఒకటి పెట్టి, దానికి 'ఫొటో' అని పేరు తగిలించాను. ప్రోగ్రాం ఆ పేరున్న బొమ్మను వెతికి తీసేసి, అసలు మనిషిని పెడుతుంది. మా ఆఫీసు కాగితాలన్నీ దాంతోనే."

"ఏం బొమ్మ?"

"గొర్రె. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నమూనా తెరిస్తే తప్ప కనపడదు."

ఆఫీసులో సెక్రటరీ జిబెక్ నూనెలో వేయించిన బోర్సోక్ బూరె నములుతూ జవాబిచ్చింది. "నాకు ప్రింటు నొక్కడం ఒక్కటే వచ్చు."

"అన్నిటి మీదా ఒకే కుర్రాడు. చూళ్లేదా?"

"చూశా. బాగున్నాడు కదాని ఊరుకున్నా."

గదిలో కూడా కల్పక్ టోపీ తీయని డైరెక్టర్ కదిరోవ్ మండిపడ్డాడు. "టీచర్ల స్థానంలో గొర్రెను పెట్టే పిల్లని ఎలా నమ్మమంటారు?"

తోల్కున్ ఆ మాట పొల్లుపోకుండా రాసుకున్నాడు.

సాయంత్రం ఆఫీసు టీ బల్ల చుట్టూ అందరూ చేరారు.

"గొర్రె సంగతి నమూనా తెరిచినవాళ్లకే తెలుస్తుంది కదిరోవ్ గారూ," అన్నాడు సుయున్‌బెక్. "మీ ఫొటో అయితే ఎలా ఉంటుందో చూసుకోవాలనిపించింది. గొర్రెను చెరిపి, మీ పాతికేళ్లనాటి ఫొటో అతికించారు. గొర్రెతోపాటు 'ఫొటో' అన్న పేరూ పోయింది. ప్రోగ్రాం వెతికింది, దొరకలేదు, నోరు మూసుకుంది. అందరి కాగితాల మీదా మీ మొహమే మిగిలిపోయింది. జుట్టు పోయింది గానీ, చెవి గాటు ఎక్కడికి పోతుంది?"

కదిరోవ్ మెల్లగా టోపీ తీశాడు. నున్నటి బట్టతల.

"మూసేటప్పుడు, మార్పులు సేవ్ చేయమంటారా అని కంప్యూటరే అడిగింది. కాదంటే బాగుండదని..."

జిబెక్ బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో బైకే! మీరా! ఎంత బాగుండేవారో!"

అందరూ చప్పట్లు కొట్టారు. కదిరోవ్ సిగ్గుపడ్డాడు. తర్వాత బూరుల్ వైపు జాలిగా చూశాడు.

"డైరెక్టర్‌నే గుర్తుపట్టని ప్రోగ్రాం మనకెందుకమ్మా?"

తోల్కున్ తన గురువు వైపు ఆశగా చూశాడు. సుయున్‌బెక్ రెండో కప్పు పోసుకున్నాడు.

ఉద్యోగం నుంచి తీసేసే ఉత్తర్వు మీద కూడా ఫొటో ఉండాలన్నది కదిరోవ్ పెట్టిన నియమమే. జిబెక్ ప్రింటు నొక్కింది. ఆ నమూనాలో గొర్రె భద్రంగానే ఉంది. కాగితం బయటికొచ్చింది. బూరుల్ మొహం, గీత గీసినట్టు, సరిగ్గా ఉండాల్సిన చోటే పడింది.