ఊడ్చిన నేల

ఉదయం 10:52కి నాలుగో లేన్‌లో ఒక తూటా పేలింది. అది టార్గెట్ వైపు వెళ్లలేదు.

11:20కి ఇన్‌స్పెక్టర్ ఇండోర్ షూటింగ్ రేంజ్‌లో అడుగుపెట్టాడు. యజమాని నేలమీద వెల్లకిలా పడి ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. గొంతు కింద ఒకే గాయం. పేలుడు చప్పుడు తగలకుండా చెవులకు పెట్టుకున్న మఫ్స్ ఇంకా అలాగే ఉన్నాయి. శవం చుట్టూ నెత్తురు. నెత్తురు చుట్టూ, పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు. రేంజ్‌లో వాటిని ఖాళీలు అంటారు.

ఇన్‌స్పెక్టర్ బూటు కింద కూడా ఒక ఖాళీ దొర్లింది. హెడ్ కానిస్టేబుల్ భుజం అందకపోతే అందరి ముందూ పరువు పోయేదే.

"జాగ్రత్త సార్. నా కొంప ముంచింది అవే."

ఆ మాటన్నది గోడకు ఆనుకుని కూర్చున్న అల్లుడు. ముప్పై ఆరేళ్లు. చొక్కా నిండా మామ నెత్తురు.

"ఏం జరిగింది?"

"కొత్త పిస్టల్ చూద్దామని 10:40కి నేనూ మామయ్యా లోపలికొచ్చాం. ఆయన నా కుడిపక్కన నిలబడ్డారు. ఎనిమిది రౌండ్లు కాల్చాను. ఒక్కడుగు వెనక్కేశాను, అంతే. కాలి కింద ఖాళీలు జారాయి. ఒళ్లు తిరిగిపోయింది. వేలు ట్రిగ్గర్ మీదే ఉండిపోయింది సార్."

"ఇన్ని ఖాళీలు నేలమీద ఎందుకున్నాయి?"

"పొద్దున్న బ్యాచ్ కాల్చినవి. మిగతా నాలుగు లేన్లూ ఊడ్చింది. ఇదొక్కటీ వదిలేసింది."

"ఎవరు?"

"ఇత్తడమ్మ."

కెమెరా ఒకటుంది. అది టార్గెట్ల వైపే చూస్తుంది, మనుషుల వైపు చూడదు. సాక్షి లేడు. నిర్లక్ష్యం వల్ల మరణం, నిర్లక్ష్యం ఊడ్చే మనిషిది. భోజనం వేళకి ఫైలు మూసేయొచ్చని ఇన్‌స్పెక్టర్‌కి తోచింది. తోచిన మాట నిజమైపోవాలని ఆయన ఎప్పుడూ కోరుకుంటాడు. కాకపోతే చేత్తో నిజం చేస్తాడు. అలా చేసే పద్దెనిమిదేళ్లుగా మంచి పేరు తెచ్చుకున్నాడు.

11:45. హాలు వెనక గది. అక్కడ మూడు డ్రమ్ములు, ఒక బల్ల, పొడుగాటి కర్రకు బిగించిన ఒక నల్లటి పలక ఉన్నాయి. ఇత్తడమ్మ బల్ల పక్కన నిలబడింది. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లుగా ఈ రేంజ్‌లో ఖాళీలు ఏరుతోంది. అసలు పేరు ఎవరూ పిలవరు, జీతం తీసుకునేటప్పుడు తప్ప.

"నాలుగో లేన్ ఎందుకు ఊడ్చలేదు?"

"ఊడ్చాను సార్."

చెంప పేలింది. హెడ్ కానిస్టేబుల్ తలుపు మూశాడు.

"మళ్లీ అడుగుతున్నాను. ఎందుకు ఊడ్చలేదు?"

"ఐదు లేన్లూ ఊడ్చాను సార్. పదింటికల్లా అయిపోయింది. ఆ ఖాళీలు పొద్దుటివి కావు. కావాలంటే సూదంటురాయి పెట్టి చూడండి. మీకే తెలుస్తుంది."

"నాకు పాఠాలు చెప్తున్నావా?"

రెండో దెబ్బకు ఆమె బల్ల మీద పడింది. సూదంటురాయి ఏమిటి, ఎందుకు అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. కానీ కొట్టే చెయ్యి ఉన్నవాడికి అడిగే ఓపిక ఉండదు.

మూడో దెబ్బ తర్వాత ఆమె ఏడవడం మానేసింది. ముందు పెట్టిన కాగితం మీద ఏం రాసి ఉందో చదివి వినిపించమంది. 'నాలుగో లేన్ నేను ఊడ్చలేదు' అని హెడ్ కానిస్టేబుల్ చదివాడు. ఆమె వేలిముద్ర వేసింది. 12:25కి ఆ వాంగ్మూలం ఆన్‌లైన్‌లో కోర్టుకు వెళ్లిపోయింది. అంతకు ముందే ఇన్‌స్పెక్టర్ ఇత్తడమ్మను హాల్లో నిలబెట్టి, దాన్ని అందరి ముందూ గట్టిగా చదివి, కోర్టుకు పంపుతున్నానని చెప్పాడు.

విని, చనిపోయినాయన కూతురు ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. వాళ్ల నాన్న నెత్తురు ఇంకా తడిగానే ఉంది.

"నిన్ను ఇంటి మనిషిలా చూశాడు కదే! ఆ ఒక్క మూల ఊడ్చడానికి నీకు చేతులు పడిపోయాయా?" అని ఇత్తడమ్మ మొహం మీద ఉమ్మింది.

ఇత్తడమ్మ తుడుచుకోలేదు. అప్పటికే చేతికి బేడీలు పడ్డాయి. అల్లుడు భార్యను పొదివి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు.

12:50. ఇంకా ప్రశ్నించాల్సింది రేంజ్‌లో కాల్చడం నేర్పే కోచ్‌ని ఒక్కడినే. మామూలు లాంఛనం. ఇన్‌స్పెక్టర్ టీ తాగుతూనే అడిగాడు.

"10:52కి ఎక్కడున్నావ్?"

"ముందు కౌంటర్ దగ్గర సార్. పొద్దున్న బ్యాచ్‌కి సర్టిఫికెట్లు ఇస్తున్నాను."

"బ్యాచ్ ఎవరు?"

"సెక్యూరిటీ గార్డులు. పదిమంది. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు కాల్చారు."

"నాలుగో లేన్‌లో ఎన్ని రౌండ్లు?"

"నూట ఇరవై. వాళ్లకి చవక తూటాలే ఇస్తాం సార్. ఇనుప ఖాళీలవి."

టీ గ్లాసు పెదాల దగ్గరే ఆగింది.

"ఇనుపవా? నేలమీద ఉన్నవన్నీ ఇత్తడివేగా?"

"చూడ్డానికి అంతే సార్. పైన ఇత్తడి పూత. తేడా కంటికి ఆనదు. అందుకే రోజూ ఊడ్చాక ఇత్తడమ్మ మ్యాగ్నెట్ పెట్టి ఇనుపవి వేరు చేస్తుంది. ఇనుము కలిస్తే కొనేవాడు డ్రమ్ము డ్రమ్మంతా వెనక్కి పంపేస్తాడు."

"మ్యాగ్నెట్ అంటే..."

"సూదంటురాయి సార్. వెనక గదిలో కర్రకు బిగించి ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ గ్లాసు కింద పెట్టాడు. అరచెయ్యి ఇంకా మండుతూనే ఉంది. చేసింది తప్పని ఆయనకు అనిపించలేదు. పప్పులో కాలేశానని మాత్రం అనిపించింది. ఆ రెండింటికీ చాలా దూరం ఉంది.

"ఆ పని ఇంకెవరికైనా తెలుసా?"

"అందరికీ తెలుసు సార్. ఇక్కడ చేరినవాళ్లెవరైనా ముందు నెల రోజులు ఖాళీలు ఏరాల్సిందే. పెద్దాయన రూలు. నేనూ ఏరాను. ఆయన కూతురూ ఏరింది."

"అల్లుడు?"

కోచ్ ఆఫీసు గది తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"చీపురు పట్టుకోవడానికి పెళ్లి చేసుకోలేదన్నారు సార్."

2:15. నాలుగో లేన్. శవాన్ని తీసుకెళ్లిపోయారు. అల్లుడు, కూతురు, కోచ్ వరసగా నిలబడ్డారు. నేలమీద నుంచి ఏరిన ఖాళీలు బల్లమీద ట్రేలో ఉన్నాయి.

"ఎన్ని?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నూట ముప్పై ఒకటి సార్" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "తొమ్మిది కొత్త పిస్టల్‌వి. మిగతావి నూట ఇరవై రెండు."

ఇన్‌స్పెక్టర్ కర్ర అందుకున్నాడు. నల్ల పలకను ట్రే మీద ఈ చివర నుంచి ఆ చివరకు లాగాడు. ఎత్తి చూపించాడు. ఒక్క ఖాళీ కూడా అంటుకోలేదు.

కూతురి మొహంలో రంగు మారింది. ఆమెకు ముందే అర్థమైంది. నెల రోజులు ఆ కర్ర పట్టుకున్న చెయ్యి ఆమెది.

"పొద్దున్న ఇక్కడ నూట ఇరవై ఇనుప ఖాళీలు పడ్డాయి. ఊడ్చకుండా వదిలేస్తే అవే ఉండాలి. ఒక్కటీ లేదేం?"

"నన్నడిగితే?" అన్నాడు అల్లుడు. "ఆవిడనడగండి."

"ఆమె ఊడ్చేసింది. అందుకే లేవు. ఇవి వేరు చేసిన డ్రమ్ములోవి. ఆ డ్రమ్ములో ఇత్తడి తప్ప ఇంకేం ఉండదు."

"పోసింది ఆవిడే అయ్యుండొచ్చు."

"ఏరడమే పనిగా బతికే మనిషి, ఏరినవి తెచ్చి పారబోస్తుందా? పదింపావు నుంచి పదిన్నర దాకా ఆమె పంపు దగ్గర ఉందని కోచ్ చెప్పాడు. సీసం దుమ్ము పోవాలని మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుంటేగాని ఇక్కడ టీ తాగనివ్వరు. ఆ పావుగంట వెనక గదిలో ఎవరూ లేరు. అది నీకు తెలుసు. ఇనుపవి ఉంటాయన్న సంగతే నీకు తెలీదు."

అల్లుడు ట్రే వైపు చూశాడు.

"సరే. పోశాను. మామయ్య పడిపోయాక భయమేసి పోశాను. గన్ను చేజారి పేలిందంటే ఎవరు నమ్ముతారు?"

"హెడ్, శవం కింద ఏమున్నాయి?"

"పద్నాలుగు ఖాళీలు సార్. వీపు కింద."

"పడిపోయిన మనిషి వీపు కిందకి ఎలా పోశావు?"

అల్లుడు భార్య వైపు చూశాడు.

ముందే ఎందుకు పోశాడో కూతురు చెప్పింది. గొంతులో తడి లేదు.

"నిన్న రాత్రి భోజనాల దగ్గర నాన్న అన్నారు. వచ్చే వారం రేంజ్ లైసెన్సు నా పేరు మీదకి మారుస్తానని. ఈయన్ని ఇక గుమ్మం తొక్కనివ్వనని. ఏరడం రానివాడికి ఏలడం ఎందుకన్నారు. ఈయన నవ్వారు. నవ్వి ఇంకో ముద్ద పెట్టించుకున్నారు." ఆమె మొగుడి వైపు తిరిగింది. "నాతో ఆవిడ మొహం మీద ఉమ్మించావు. పక్కన నిలబడి చూశావు."

అల్లుడికి బేడీలు వేశారు. చేతులు చాచేటప్పుడు అతని మొహంలో భయం లేదు. అది ఇన్‌స్పెక్టర్‌కి నచ్చలేదు.

"ఒక్క ముక్క సార్" అన్నాడు అల్లుడు. "ఊడ్చలేదని ఆవిడ ఒప్పుకుంది కదా? వేలిముద్ర వేసింది కదా? కోర్టుకు పంపుతున్నానని మీరే అన్నారు. నేను ఇప్పుడు అన్నదేదీ అనలేదని రేపు అంటాను. మీ సూదంటురాయి కథ ఒక పక్క, మీరు రాయించిన వాంగ్మూలం ఒక పక్క. నా లాయరు దేన్ని పట్టుకుంటాడంటారు?"

ఇన్‌స్పెక్టర్ వెనక గది వైపు చూశాడు.

2:50కి ఆయన వెనక గదిలోకి వెళ్లాడు. ఇత్తడమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. ఎడమ చెంప కన్ను దాకా వాచిపోయింది. ఆయనే స్వయంగా బేడీలు తీశాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, మీరు ఊడ్చారని తేలిపోయింది."

ఆ సంగతి ఆమెకు పదింటికే తెలుసు.

"ఇంకో వాంగ్మూలం కావాలి. కంగారులో నోరు జారి అలా చెప్పానని ఒక్క మాట అంటే చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"కంగారు పడలేదు సార్. కొడితే చెప్పాను."

"అలా రాస్తే నా ఉద్యోగం పోతుంది."

"రాయకపోతే?"

ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు చూశాడు. హెడ్ కానిస్టేబుల్ కుక్కిన పేనులా నిలబడి ఉన్నాడు.

"వాడు బయటికొస్తాడు. ఆ పాపం మీ నెత్తిన పడుతుంది. మీరు లోపలికెళ్తారు."

"అయితే మీ ఉద్యోగమో, నా బతుకో. అంతేనా?"

"అమ్మా, నాకు ఇద్దరు ఆడపిల్లలు..."

"నేను మీ పిల్లల సంగతి అడగలేదు సార్. నా పిల్లల సంగతి మీరు పొద్దున్న అడిగారా?" ఆమె గొంతు పెంచలేదు. "నేను అబద్ధం ఒక్కసారే చెప్పాను, మీ చేతికి భయపడి. రెండోది చెప్పను. రాయండి. మీ చేత్తోనే రాయండి."

ఇన్‌స్పెక్టర్ కాగితం తీసుకున్నాడు. వాడు బయటికొస్తే పేపర్లు ఏం రాస్తాయో, పైవాళ్లు ఏమంటారో లెక్కేసుకున్నాడు. రెండు దారుల్లోనూ తనే మునుగుతాడు. ఒక దారిలో వాడు కూడా మునుగుతాడు. అందుకే రాశాడు, మంచితనం పుట్టుకొచ్చి కాదు.

ఇత్తడమ్మ ప్రతి మాటా పైకి చదివించుకుంది. తలుపు మూసింది ఎవరో రాయించింది. సూదంటురాయి మాట తను ఏ దెబ్బకు ముందు చెప్పిందో రాయించింది.

"ఎన్ని దెబ్బలో కూడా రాయండి."

'మూడు' అని రాశాడు.

"నాలుగు సార్."

"మూడే."

"మూడింటికీ మీ దగ్గర కారణం ఉంది. నా చేత ఒప్పించాలి. నాలుగోది వేలిముద్ర పడ్డాక కొట్టారు. హెడ్ గారు కాగితం తీసుకుని బయటికెళ్లాక. అప్పటికి మీకు కావలసింది దొరికేసింది. మరి ఎందుకు కొట్టారో అది రాయండి."

ఇన్‌స్పెక్టర్ 'మూడు' కొట్టేసి 'నాలుగు' అని రాశాడు. ఆ పక్కన 'ఎందుకంటే' అని రాసి ఆగాడు. ఎంత తడుముకున్నా కారణం దొరకలేదు. అసలు ఆ దెబ్బ కొట్టినట్టే గుర్తులేదు.

"రాయండి సార్. నాకేం తొందర లేదు" అంది ఇత్తడమ్మ, వాచిన చెంప మీద చెయ్యి పెట్టుకుని.