తెర దాచిన కబురు

ఆ ఉదయం హన్మకొండ చౌరస్తా హోటల్లో ఐదుగురు చాయ్ తాగుతున్నారు. గోడకు అంటించిన వార్తాతెర ఐదుగురి ముఖాలనూ చూసింది, నాడులు లెక్కగట్టింది. ఏ ఒక్కరి మనసూ నొచ్చుకోని వార్త కోసం దేశమంతా గాలించి చివరకు ఒకటి పట్టుకొచ్చింది: ఈ ఏడు బెండకాయ దిగుబడి బాగుంది. ఐదుగురూ కాసేపు బెండకాయ వైపు చూసి, చాయ్ ముగించి, ఎవరి దారిన వారు పోయారు. వారిలో ప్రవళిక ఒకతె. ఆ తెరను నడిపే ‘తొలికూత’ వార్తాసంస్థలో పాఠకుల స్పందన విభాగానికి ఆమే అధికారి.

తొలికూత కొత్త రూపం దాల్చి అప్పటికి తొంభై రోజులు. దానికి నెమ్మది రూపం అని పేరు పెట్టారు. అంతకుముందు ఊరందరికీ ఒకటే మొదటి పేజీ ఉండేది, ఇప్పుడు ఎవరి పేజీ వారిది. తెర అంచున నాడిచూపు అనే సన్నని గాజుపట్టీ ఉంటుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటున్నదో అది ముట్టుకోకుండానే కనిపెడుతుంది. ఆరేళ్లుగా అది ఊరికే లెక్కలు రాసుకుంటూ ఉండేది. నెమ్మది రూపం వచ్చాక ఆ లెక్కలకు పని దొరికింది. ఏ పేరు చూస్తే గుండె అదురుతుందో ఆ పేరు మరుగుపట్టీలోకి పోతుంది, ఇక కనబడదు. చావు కబుర్ల పేజీనైతే మొత్తంగా ఎత్తేశారు. పొద్దున్నే ఎవరి చావో అందరికీ ఎందుకని వాదన. చుట్టరికపు లెక్క ఒకటి పెట్టి, చనిపోయినవారితో గత రెండేళ్లలో మాటామంతీ ఉన్నవారికే కబురు చేరేలా చేశారు.

పాఠకులు రెండుగా చీలిపోయారు. “బీపీ దిగింది, మీ కడుపు సల్లగుండ” అని ఒక రిటైర్డ్ టీచరు రాశాడు. “మా ఆయన పొద్దుగాల సర్కారును తిట్టుడు బంద్ చేసిండు, ఇప్పుడు నన్ను తిడ్తుండు” అని ఒక ఇల్లాలు రాసింది. నా వేలికి అలవాటైన చోట ఏదీ లేదని కొందరు, రంగు చల్లగా ఉందని కొందరు. మొత్తం మీద నూటికి డెబ్బై ఒక్కమందికి నచ్చింది. శుక్రవారం ప్రవళిక నివేదిక ఇస్తే పాత రూపాన్ని శాశ్వతంగా తుడిచేస్తారు. ఆమెకూ కొత్తదే నచ్చింది, రాత్రిళ్లు నిద్ర పడుతోంది. నిజం చెప్పాలంటే నివేదిక అప్పటికే సగం రాసేసింది.

ఆఫీసుకు వెళ్లేసరికి ఆమె గది ముందు ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఫిర్యాదులన్నీ తెరమీదే వస్తాయి, మనిషే నడిచి రావడం ఆమె ఉద్యోగంలో ఇదే మొదటిసారి. తెల్లచొక్కా వేసుకున్నాడు. రాగితీగ కోసిన గాట్లు వేళ్ల నిండా ఉన్నాయి.

“నాకు తెల్వదని మీరు రాసియ్యాలె,” అన్నాడు కూర్చోకముందే.

“ఏం తెల్వదని, పెద్దయ్యా?”

“సారయ్య సచ్చిపోయిండని.”

ఆయన పేరు ఓదెలు, ఊరు పరకాల. సారయ్యా ఆయనా కలిసి, కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే దుకాణం నడిపేవారు. పంతొమ్మిదేళ్ల కింద కొత్త బోర్డు రాయించేటప్పుడు ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మాట పెరిగింది. దుకాణం రెండయింది, మాటలు బందయ్యాయి. ఇద్దరివీ ఎదురెదురు షట్టర్లయితే కనీసం చూసుకునేవారేమో, ఓదెలు పోయి పోయి ఊరికి అవతలి కొసన పెట్టాడు. తొమ్మిది రోజుల కింద సారయ్య పోయాడు.

“వాళ్లింటోళ్లు మీకు కబురు చెయ్యలేదా?” అంది ప్రవళిక.

ఓదెలు ఆమెను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. “మాటల్లేనోనికి ఎవలన్న కబురు పంపుతరా బిడ్డా? పంపితే వాళ్లకు చిన్నతనం, పిలిస్తె పోతే మాకు చిన్నతనం. అందుకే పేపర్ల, ఇప్పుడైతే మీ తెరల, ఏపిస్తరు. పేపర్ల పడ్డదంటే ఊరందరికి చెప్పినట్టే, ఎవల పిలుపు లేకుంటనే పోవచ్చు. పోయి పాడెకు భుజం పెడితే ఆడికి పంచాది ఖతం. మా దిక్కు రివాజు అది.”

నెమ్మది రూపాన్ని తయారుచేసినవారు పద్నాలుగు వేల సూత్రాలు రాశారు. ఈ ఒక్కటీ అందులో లేదు.

“పొద్దుగాల తొమ్మిదింటికి లేపే పీనుగును నాలుగింటి దాక ఆపిండ్రట,” అన్నాడు ఓదెలు. “ఓదెలన్న వస్తడు, జర ఆగుండ్రి అని వాని పెండ్లాం స్వరూప అన్నదట. నేనేమో దుకాణంల తెర ముంగట కూసోని వానల ముచ్చట చదువుకుంటున్న. మొన్న బస్సుల ఒగాయన తిట్టేదాక నాకు తెల్వదు. పీనుగు మీద గూడనా నీ పంతం అన్నడు. రేపు పదకొండో దినం. పదిమంది ముంగట మీ ముద్రేసిన కాయితం చూపెట్టాలె. లేకుంటే నేను సచ్చేదాక కావాలని రానోన్నే అయిత.”

ప్రవళిక సంపాదకుడు విద్యాసాగర్ గదికి వెళ్లింది. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు.

“ఒక్కరికి రాసిస్తే రేపు లక్షమంది లైన్ కడతరు. అయినా తప్పేం జరగలేదు ప్రవళికా. లెక్క సరిగ్గానే పనిచేసింది.”

“నా భయం అదే సార్.”

“శుక్రవారం దాకా ఒక్క కాగితం బయటికి పోవద్దు. తర్వాత చూద్దాం.”

తర్వాత అంటే ఎప్పుడూ కాదని ఆమెకు తెలుసు. తిరిగొచ్చి, ఓదెలు అనుమతితో ఆయన తెర లెక్కలు తీసింది. సారయ్య పరకాల వర్తక సంఘానికి పెద్ద, పేరు స్థానిక వార్తల్లో వస్తూ ఉండేది. ఆరేళ్లలో నలభై మూడుసార్లు వచ్చింది. మామూలుగా ఓదెలు గుండె నిమిషానికి డెబ్బై నాలుగు. ఆ పేరు కనబడ్డ ప్రతిసారీ నూట పద్దెనిమిది. ప్రతిసారీ ఆయన ఆ వార్తను మొదటి నుంచి చివరిదాకా, మూడేసి సార్లు చదివాడు. కింద యంత్రం తీర్పు ఉంది: ఈ పేరు పాఠకుని ఆరోగ్యానికి మంచిది కాదు.

ప్రవళికకు ఒళ్లు మండింది. యంత్రం మీద కాదు, తన సగం నివేదిక మీద. ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి, కింద తన పేరు పెట్టింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది. అనుకున్నాక భయం వేసింది, అయినా ముద్ర వేసింది.

“ఇది తీసుకపోయి ఒక్కరే ఇస్తే నమ్ముతరో లేదో. నేను కూడ వస్త, పెద్దయ్యా,” అంది.

మరునాడు మధ్యాహ్నం సారయ్య ఇంటి ముందు షామియానా కింద వంద మంది ఉన్నారు. ఓదెలును చూడగానే ముందున్నవాళ్లు ముఖం తిప్పుకున్నారు. ప్రవళిక తానెవరో చెప్పుకుని కాగితం చదివింది. చావు కబురు ఈయనకు తెర చూపలేదని, తప్పు తొలికూతదని గట్టిగా చెప్పింది.

“కాయితాలు ఎన్నన్న పుట్టిస్తరు!” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

దాంతో ఆమె మిగిలిందీ చదివింది. నలభై మూడుసార్లు. డెబ్బై నాలుగు. నూట పద్దెనిమిది. పదిమందిలో తన గుండె లెక్క చదువుతుంటే ఓదెలు సిగ్గుతో తల ఎత్తలేదు. నవ్వబోయినవాళ్లు కూడా నవ్వలేదు.

సారయ్య భార్య స్వరూప గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లేచి దగ్గరకు వచ్చింది. “మా ఆయినది గూడ ఉంటదా, బిడ్డా?”

“ఉంటది. భార్యగా అడిగే హక్కు మీకు ఉన్నది.” ప్రవళిక చేతిపలక మీద సారయ్య లెక్క తెరిచింది. ఆయన మరుగుపట్టీలో ఒకే ఒక్క పేరు ఉంది. ఓదెలు. నూట ముప్పై ఒకటి. కింద తెర దాచిపెట్టిన చివరి వార్త ఉంది. రెండు నెలల కిందటిది: పరకాల మెకానిక్ ఓదెలుకు గుండె ఆపరేషన్, రక్తదాతలు కావాలి.

ఆమె అది పైకి చదివింది.

“ఎనిమిది రోజులు దవాఖాన్ల ఉన్న,” అన్నాడు ఓదెలు. ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలియనట్టుంది. “తలుపు తీసినప్పుడల్ల చూసిన. ఊరంత వచ్చింది. వీడు రాలే. వీని కోపం ఇంత గట్టిదా అనుకున్న.”

స్వరూప ముఖం పాలిపోయింది. “మాకు తెల్వదు ఓదెలన్నా. నీ మీద ఒట్టు, మాకు తెల్వదు. నీ పేరు మా ముంగట ఎవ్వలెత్తరు, తెర గూడ చూపెట్టలే. తెలిస్తే ఆగెటోడా ఆయిన?” ఆమె ప్రవళిక చెయ్యి పట్టుకుంది. “మాకు గూడ ఒక కాయితం రాసియ్యి బిడ్డా. మాకు తెల్వదని.”

ప్రవళిక దగ్గర వేరే కాగితం లేదు. ఓదెలు చేతిలోదే అడిగి తీసుకుంది. “శుక్రవారం నివేదికల డెబ్బై ఒక్కమందికి నచ్చిందని చెప్పను. ఇది చదువుత. చావు కబుర్ల పేజీ మళ్ల అందరికి వచ్చేదాక ఊకోను,” అంటూ వెనకవైపు రాసింది. సారయ్య పేరు, ఆపరేషన్ తేదీ, తెర చూపలేదన్న మాట, తన సంతకం. ముద్ర ఆఫీసులో ఉండిపోయింది. ఎవరూ అడగలేదు.

రాయడం అయ్యాక స్వరూపకు అందించింది. ఆమె తీసుకుంది గాని, ముందువైపు ఉన్నది ఓదెలుదని గుర్తొచ్చి ఆయన వైపు చాపింది. ఆయన అందుకున్నాడు గాని, వెనకవైపుది ఆమెదని వెనక్కి ఇవ్వబోయాడు. ఎవరి దగ్గర ఉంచుకోవాలో తేలక, ఏడుస్తూనే, ఇద్దరూ చెరో అంచు పట్టుకుని నిలబడ్డారు.