పది గంటల పలకరింపు

పొద్దు పొడిచేసరికి రామకోటి మొదటి మేత కట్టడం ముగించాడు. తవుడూ చెక్కా కలిపి నింపిన సంచులకు చిన్న చిన్న చిల్లులు పొడిచి, చెరువులో వరసగా పాతిన గెడలకు కట్టుకుంటూ దోనె మీద తిరగడం అతని పని. చిల్లు దగ్గర ఒక చేప మూతి పెడుతుంది. చిటికెడు తవుడు జారుతుంది. మరో చేప వస్తుంది. పైనుంచి చూసేవాడికి సంచి కదలదు, నీరు కదలదు. కాసేపటి తరవాత విప్పి చూస్తే సంచిలో ఏమీ మిగలదు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నా ఆ చప్పుడు లేని భోజనం అతనికి ఇప్పటికీ అబ్బురమే.

చేతులు కడుక్కుని గట్టు దిగి ఇంటికి వచ్చేసరికి భార్య రామలక్ష్మి రొయ్యల షెడ్డుకు బయలుదేరుతోంది. తల్లి వెంకటనరసమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని ఎండు రొయ్యల తలలు తుంచుతోంది. పదో తరగతి చదివే కూతురు లక్ష్మీప్రసన్న గుమ్మంలో నిలబడి జడ వేసుకుంటోంది. నులకమంచం మీద, గాలికి ఎగరకుండా స్టీలు గ్లాసు బరువు పెట్టిన కాగితం ఒకటి ఉంది. ఏలూరులో ఇంటర్ చదువుకీ హాస్టలుకీ కలిపి ఇచ్చిన దరఖాస్తు అది.

"ఏవండీ, ఆ కాగితం మీద సంతకం పెట్టేయండి. బళ్లో ఇవ్వడానికి ఇవాళే ఆఖరు రోజంట" అంది రామలక్ష్మి, టిఫిను డబ్బా సంచిలో సర్దుకుంటూ.

"పెడతాలే. ముందు యజమానికి మేత సంగతి చెప్పాలి. నా ఫోన్లో ఛార్జింగు లేదు" అంటూ రామకోటి కిటికీలో ఉన్న కూతురి చిన్న బటన్ ఫోన్ అందుకున్నాడు. సాయంత్రం కలిదిండిలో ట్యూషను ముగించుకుని చెరువు గట్ల మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చే పిల్ల కోసం కొన్న ఫోన్ అది. పగలు బడికి తీసుకువెళ్లనివ్వరు గనక సాయంత్రందాకా కిటికీలోనే ఉంటుంది.

నంబరు నొక్కాడు. అవతల యజమాని పలకలేదు. నిల్వ చాలదని ఒక ఆడగొంతు చెప్పింది.

"మొన్ననే కదమ్మా టాప్‌అప్ వేయించాను?" అన్నాడు.

ప్రసన్న చేతిలో జడ ఆగిపోయింది.

"ఇది నాలుగోసారి. పోయిన నెల టైరు పంచరై చీకటి పడేదాకా గట్టు మీద ఒక్కత్తివీ నిలబడ్డావు. ఫోన్ చెయ్యలేదేమంటే బ్యాలెన్సు లేదన్నావు. ఆ రోజు మీ అమ్మ ఏడుపు నువ్వు చూళ్లేదు. నేను చూశాను. ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?"

"ఎవరితోనూ లేదు నాన్నా."

"మరి ఎవరు తిన్నట్టు? చేపలా?"

అతను గొంతు పెంచలేదు. ఆ ఇంట్లో పిల్లతో గొంతు పెంచే అలవాటు లేదు. అందుకే ఆ మెత్తని మాట మరింత లోతుగా దిగింది. ప్రసన్న కళ్లు ఒక్క క్షణం అరుగు వైపు వెళ్లి తిరిగి నేల మీద వాలాయి.

"చెప్పవే! దాచితే నాన్నకి అనుమానం పెరగదూ?" అంది రామలక్ష్మి.

"నాదే తప్పు" అంది ప్రసన్న.

రామకోటి మంచం మీది కాగితాన్ని చూశాడు. సంతకం చెయ్యాల్సిన ఖాళీ చోటు అతనివైపే చూస్తున్నట్టుంది.

"కళ్లెదుట ఉన్నప్పుడే తెలియనిదాన్ని ఏలూరు ఎలా పంపను? ఎవరి ధైర్యంతో పంపను?" అన్నాడు. "బండెక్కు. షాపులో ఈ నంబరు ఎవరెవరితో మాట్లాడిందో తీయిస్తాను. తరవాత చూద్దాం, సంతకం పెట్టాలో అక్కర్లేదో."

"ఎక్కడికిరా పొద్దున్నే? పిల్ల చద్దన్నం తినలేదు" అంది వెంకటనరసమ్మ అరుగు మీంచి. లోపలి మాటలు ఆమె చెవికి సగమే అందాయి. "ఫోన్ పట్టుకెళ్తున్నారేం? పదింటికల్లా తెచ్చెయ్యండి నాయనా."

ఆ చివరి మాటకు రామకోటి పెద్దగా విలువ ఇవ్వలేదు.

కలిదిండి సెంటరులో పింకీ అనే అమ్మాయి సెల్ షాపు నడుపుతుంది. అప్పుడే షట్టరు ఎత్తి గుమ్మంలో నీళ్లు జల్లుతోంది.

"రండి బాబాయ్‌గారూ. పొద్దున్నే వచ్చారేంటండీ? ఏమ్మా ప్రసన్నా, బడి లేదా?"

రామకోటి ఫోన్ బల్ల మీద పెట్టి సంగతి చెప్పాడు. పింకీ ఫోన్ అందుకుని మెసేజులు ఒక్కొక్కటీ పైకి జరుపుతూ చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె నుదురు ముడిపడింది.

"బాబాయ్‌గారూ, ఇది మాటల ఖర్చు కాదండి. భక్తి పాటలని ఒకటి, జాతకమని ఒకటి, జోకులని ఒకటి. ఎవరో బయటి కంపెనీలండి. రికార్డు చేసిన గొంతుతో వాళ్లే ఫోన్ చేస్తారు, ఒకటి నొక్కమంటారు. నొక్కామా, ఆ సేవ మనం అడిగినట్టే లెక్క. బ్యాలెన్సులోంచి రోజూ కొంచెం కొంచెం కోసేస్తారు."

"కొంచెం కొంచెమా?"

"తెలియనంత కొంచెమండి. తెలిస్తే మనం ఊరుకోం కదా."

రామకోటికి గెడకు వేలాడే సంచి కళ్లముందు ఆడింది. ఇంతకాలం తాను పొడిచిన చిల్లులే ఎవరో కనబడనివాడు తన ఇంటి కిటికీలోని ఫోనుకు పొడిచాడు. సంచి కదలలేదు, నీరు కదలలేదు.

"సరే, అది వాళ్ల దొంగతనం. మరి ఒకటి నొక్కింది ఎవరు?"

"టైము ఉంది చూడండి. పదీ రెండు నిమిషాలు. పదీ అయిదు. అన్నీ పొద్దున్న పదింటికే బాబాయ్‌గారూ. ఆదివారాలు మాత్రం ఒక్కటీ లేదు."

ఆదివారం తప్ప మిగిలిన రోజుల్లో పదింటికి ప్రసన్న బళ్లో ఉంటుంది. రామలక్ష్మి షెడ్డులో ఉంటుంది. తాను రెండో మేతకు దోనె మీద ఉంటాడు. మరి ఇంట్లో ఎవరుంటారు? ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే. ఫోన్ పదింటికల్లా తెమ్మన్న గొంతు అప్పుడు మళ్లీ వినిపించింది.

"నాన్నా, మామ్మని ఏమీ అడక్కండి" అంది ప్రసన్న. పొద్దుటినుంచీ ఆపుకున్న కన్నీళ్లు ఆ మాటతోనే జారాయి. "పోయినేడు గ్యాసు పొయ్యి బాగుచేస్తానని ఎవడో వస్తే మామ్మ తలుపు తీసిందని మీరు కేకలేశారు. తరవాత మీరు చెరువు మీదకి వెళ్లిపోయారు. రెండు రోజులు మామ్మ అన్నం ముట్టలేదు. అది మీరు చూళ్లేదు. నేను చూశాను."

పొద్దున తాను వాడిన మాటే తిరిగి తనకు తగిలింది.

"అది మనిషి కాదని మామ్మకి నువ్వైనా చెప్పొచ్చుగా తల్లీ?"

"చెప్పాను. మనిషి కాకపోతే బాగున్నారా అని ఎందుకడుగుతుందే, అంది. అంత మర్యాదగా అడిగే పిల్ల మాట కాదంటే బాగుండదంట. అందుకే నొక్కేస్తుంది."

"పోనీ ఫోన్ ఆపేసి వెళ్లొచ్చుగా?"

"ఆపేసే వెళ్లాను. పక్కింటి పుష్పమ్మగారి చేత ఆన్ చేయించుకుంది. పాపం ఆ అమ్మాయి ఎదురుచూస్తుందని."

పింకీ ఫక్కున నవ్వింది. అంతలోనే నవ్వు ఆపుకుని చున్నీతో కళ్లు ఒత్తుకుంది. ఏమీ తోచక ఫోన్లో పంపిన మెసేజుల పెట్టె తెరిచింది.

"బాబాయ్‌గారూ, ఇవి చూడండి."

పైనుంచి కిందికి ఒకే పొట్టి మాట. రామకోటికి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ అన్నీ ఒక్కలాగే ఉన్నాయని తెలిసింది. పింకీ జరుపుతూనే ఉంది, అది వస్తూనే ఉంది.

"ఏంటమ్మా ఇవి?"

"ఆపండి అని రాసిందండి. ఏ రోజుకారోజు సాయంత్రం ప్రసన్న ఇంటికొచ్చాక ఆపమని పంపింది. మర్నాడు పదింటికి మామ్మగారు మళ్లీ నొక్కారు. సాయంత్రం మళ్లీ పంపింది. నలభై పైనే ఉన్నాయండి."

"కంపెనీకి కూడా ఫోన్ చేశాను నాన్నా" అంది ప్రసన్న మెల్లగా. "సిమ్ము మీ పేర ఉందని నా మాట వినలేదు."

రామకోటి ఆ చిన్న తెరను చూస్తూ ఉండిపోయాడు. కొల్లేటికి వరద వచ్చినప్పుడు గట్టు మీద నిలబడి, కనుచూపు అందినంత మేరా నీరే అయిన లోకాన్ని చూసి నిలిచిపోయిన రోజులున్నాయి అతనికి. ఇవాళ పదిహేనేళ్ల పిల్ల ఎదుట అలాగే నిలిచిపోయాడు. ఒక ముసలి ప్రాణం చిన్నబోకూడదని, ఏ సాయంత్రమూ మానకుండా, ఎవరికీ చెప్పకుండా, ఇంత ఒడ్డు కాసింది. తన చదువు కొట్టుకుపోతుంటే కూడా నాదే తప్పంది. ఇంత లోతు తన ఇంట్లోనే ఉందని అతనికి తెలియదు.

పింకీ కంపెనీ నంబరుకు ఫోన్ కలిపి ఇచ్చింది. పేరూ ఊరూ చెప్పి, తనకు ఈ సేవలేవీ అక్కర్లేదని రామకోటి తానే చెప్పాడు. పోయిన డబ్బు సంగతి ఫిర్యాదుగా రాయించాడు. పింకీ ఆ ఫిర్యాదు నంబరును ఒక చీటీ మీద రాసిచ్చింది.

"ఇలాంటి ఫోన్లన్నీ రేపట్నుంచి ఆగిపోతాయండి. ఇవాళొక్కరోజు వస్తే రావచ్చు."

తండ్రీ కూతుళ్లు బండి మీద గట్టు వెంట తిరిగి వచ్చారు. రెండు పక్కలా చెరువులు, మధ్యలో సన్నని దారి. దూరాన గూడబాతులు గుంపుగా నీటి మీద వాలుతున్నాయి.

ఇంటి అరుగు మీద వెంకటనరసమ్మ ముఖం కడుక్కుని, కొంగు నిండా కప్పుకుని, ఎవరో చుట్టం వస్తున్నట్టు కూర్చుని ఉంది.

"తెచ్చారా? వేళకే వచ్చారు" అంటూ చెయ్యి చాపింది.

ఫోన్ మోగింది. ఆమె రెండు చేతులతో చెవి దగ్గర పట్టుకుంది. ఆ చిన్న ఫోన్లోంచి గొంతు అరుగంతా వినిపించింది.

"నమస్కారం! మీరు బాగున్నారా?"

"బాగున్నామండీ. మీరు బాగున్నారా అమ్మా? టిఫిన్ చేశారా?" అంది వెంకటనరసమ్మ. గొంతు తన పాఠం తాను చెప్పుకుపోతోంది. "ఇవాళ మా అబ్బాయి ఇంట్లోనే ఉన్నాడండీ. నేను చెప్పానే, రామకోటి. చెరువు పని, తీరికుండదు. నాతో మాట్లాడడని మీరేం అనుకోకండి. చాలా మంచివాడు. చిన్నప్పుడు నేను పక్కన లేకపోతే ముద్ద మింగేవాడు కాడు."

రామకోటి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. తల్లితో చివరిసారి ఊరికే, ఏ పనీ లేకుండా మాట్లాడింది ఎప్పుడు? అన్నం తిన్నావా అని అయినా అడిగింది ఎప్పుడు? వెతికాడు. దొరకలేదు. ఎక్కడో కూర్చుని చిల్లులు పొడిచినవాడికి తెలిసింది, కడుపున పుట్టినవాడికి తెలియలేదు. ఒక మనిషిని వశం చేసుకోవడానికి బాగున్నారా అన్న ఒక్క మాట చాలు.

"ఈ సేవను పొందడానికి ఒకటి నొక్కండి" అంది గొంతు.

ప్రసన్న కంగారుగా తండ్రి వైపు చూసింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు. నొక్కనీ.

"అలాగేనండీ" అంటూ వెంకటనరసమ్మ భద్రంగా ఒకటి నొక్కింది.

రామకోటి లోపలికి వెళ్లి గ్లాసు తీసి కాగితం మీద సంతకం పెట్టాడు. కూతురి చేతికి ఇస్తూ, "తప్పు నాదమ్మా" అన్నాడు. "ఎవరి ధైర్యంతో పంపను అన్నాను కదా. నీ ధైర్యంతోనే పంపుతాను." ప్రసన్న కాగితాన్ని గుండెకు హత్తుకుని తండ్రి భుజం మీద తల ఆనించింది. అతని చొక్కా తవుడు వాసన వేసింది.

మర్నాడు పదయింది. కిటికీలోని ఫోన్ మోగలేదు. వెంకటనరసమ్మ కొంగు సర్దుకుని కాసేపు చూసింది. అమ్మాయికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది. ఆమె ముఖం వాడిపోతుండగా ఫోన్ మోగింది.

"నమస్కారమండీ. బాగున్నారా?"

ఈసారి మగగొంతు. వెనక నీళ్ల చప్పుడు.

"బాగున్నామండీ. ఎవరండీ తమరు? రోజూ చేసే అమ్మాయి ఏదండీ?"

చెరువు నడుమ దోనె ఆపి, మేత సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రామకోటి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇకనుంచి రోజూ పదింటికి నేనే చేస్తానమ్మా. ఏం తిన్నావు ఇవాళ?"

గూడబాతు ఒకటి రెక్కలు చాచి దోనె మీదుగా దాటిపోయింది.

"నువ్వా నాన్నా" అంది ఆమె. "మరి నన్నేం నొక్కమంటావురా?"

"ఏమీ నొక్కక్కర్లేదమ్మా. ఊరికే మాట్లాడు."