ఎర్ర ఊలు క్లిప్పు

పిల్లలూ, నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒక పేజీ రాయడానికి ఇప్పటికీ ఒక పూట పడుతుంది. ఎక్కడైనా ఒత్తో దీర్ఘమో తప్పితే మన్నించి, సరిచేసుకుని చదువుకోండి.

భోజనాల వేళ కావస్తోంది. ఇంటి వెనక తాతయ్య ఇంటిబండి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. మనవరాలు లెస్యా పానాల పెట్టె పట్టుకుని నిలబడింది.

"పెద్ద పానా ఇవ్వమ్మా. అది కాదు. అది నీ బొమ్మ సైకిలుకి సరిపోతుంది," అన్నాడు తాతయ్య.

తాతయ్య పేరు ఓరెస్ట్. డాఫిన్ ఊళ్లో నలభై ఏళ్లు లారీలు బాగుచేశాడు. ఇంటిబండి ఆయనదే. మంచాలు, పొయ్యి, సింకు అన్నీ లోపలే ఉన్న పెద్ద బండి అది. ప్రతి వేసవికీ తాతయ్య, అమ్మమ్మ, లెస్యా ముగ్గురూ అందులో సరస్సు దగ్గరికి వెళ్లి నెల రోజులు ఉండేవారు.

ఈసారి అమ్మమ్మ లేదు. ఫిబ్రవరిలో, మంచు కిటికీల దాకా పేరుకుని ఉన్నప్పుడు చనిపోయింది. లెస్యాకి పదేళ్లు. అమ్మమ్మ లేని వేసవి ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు.

బండి పక్క గోడకి చిన్న తలుపు ఉంది. దాని వెనక వేడినీళ్ల ట్యాంకు. చలికాలంలో నీళ్లు లోపలే గడ్డకడితే ట్యాంకు పగిలిపోతుంది. అందుకని మంచు పడకముందే ఖాళీ చేస్తారు. మళ్లీ మే నెలలో లోపల కడిగి, నీళ్లు నింపుతారు.

తాతయ్య పానాతో బిరడా తిప్పాడు. దానితోపాటు ఒక పొడుగాటి కడ్డీ బయటికి వచ్చింది. చెరుకు నమిలి ఊసినట్టు అక్కడక్కడా పీలికలైపోయి ఉంది.

"చూశావా? తుప్పు దీన్ని తింటూ కూర్చుంటుంది. ట్యాంకు జోలికి పోదు."

"పాపం కదా తాతయ్యా."

"దాని పని అదేనమ్మా," అని ఆయన కొత్త కడ్డీ తీశాడు.

రంధ్రంలో గొట్టం పెట్టి నీళ్లు కొడితే తెల్లటి సున్నపు పెచ్చులు అటుకుల్లా కొట్టుకొచ్చాయి. తెల్లనీళ్లు పోయి మామూలు నీళ్లు వచ్చేదాకా కడిగారు. కొత్త కడ్డీ బిగించారు. ఇక నీళ్లు నింపడమే మిగిలింది. ఇంతలో అమ్మ వంటింటి కిటికీలోంచి పెరోగీలు, అంటే ఆలుగడ్డ కూరిన కుడుములు, చల్లారిపోతున్నాయని కేకేసింది.

"తిన్నాక నింపుదాం. లోపల నా టోపీ ఉంది, పట్టుకురా," అన్నాడు తాతయ్య.

లెస్యా బండిలోకి వెళ్లింది. టోపీ సింకు పక్కనే ఉంది. దాని పైన గోడకి హీటర్ మీట. ఆ మీటకి ఒక కొయ్య క్లిప్పు, బట్టలారేసేది, పెట్టి ఉంది. క్లిప్పుకి ఎర్ర ఊలు దారం చుట్టి ఉంది. చుట్టింది అమ్మమ్మ.

అది అమ్మమ్మ పద్ధతి. ట్యాంకు ఖాళీగా ఉంటే మీటకి క్లిప్పు ఉండాలి. నీళ్లు నింపేటప్పుడు తాతయ్య బయట, అమ్మమ్మ లోపల. వేడినీళ్ల కుళాయిలో గాలి పోయి ధార తిన్నగా పడ్డాక అమ్మమ్మ "వచ్చింది!" అని అరిచేది. అప్పుడే క్లిప్పు తీసేది. నీళ్లు లేకుండా మీట వేస్తే హీటర్ నిమిషంలో కాలిపోతుంది.

లెస్యా ఆ ఊలుని ముట్టుకుంది. తన చేతి తొడుగులు అల్లగా మిగిలిన ఊలు అది. అమ్మమ్మ బట్టలు, కళ్లజోడు, చెప్పులు అన్నీ అమ్మ ఎప్పుడో పెట్టెల్లో సర్దేసింది. ఇదొక్కటే మిగిలినట్టుంది.

క్లిప్పు తీసి జేబులో వేసుకుంది. భోజనమయ్యాక మళ్లీ పెట్టేద్దాం అనుకుంది.

భోజనమయ్యాక స్నేహితురాలు ఫోన్ చేసింది. క్లిప్పు సంగతే గుర్తులేదు.

లెస్యా తిరిగి వచ్చేసరికి తాతయ్య బండిలో సింకు ముందు నిలబడి ఉన్నాడు. కుళాయి తెరిచి ఉంది. చుక్క రావడం లేదు. ఏదో మాడిన వాసన.

"క్లిప్పు లేదు," అన్నాడు తాతయ్య తనలో తాను అనుకున్నట్టు. "క్లిప్పు లేదు కాబట్టి నింపేశాననుకున్నాను. మీట వేశాను. క్లిప్పు తీసి, నీళ్లు నింపడం మర్చిపోయానన్నమాట."

ఆయన సింకు కింద వెతికాడు. మంచం కింద వెతికాడు. చొక్కా జేబులు రెండూ తిరగేసి చూసుకున్నాడు.

"ఎక్కడ పెట్టానో అదీ గుర్తులేదు."

లెస్యా చేయి జేబులోనే ఉంది. వేళ్లకి ఊలు తగులుతోంది. చెబుదామనే అనుకుంది. తాతయ్య ముఖం చూసింది. అలాంటి ముఖం ఆమె ఎప్పుడూ చూడలేదు. క్లిప్పుని జేబు అడుక్కి తోసేసింది.

ఆ సాయంత్రం తాతయ్య అమ్మతో బండి అమ్మేద్దామన్నాడు.

అమ్మ చలికాలం నుంచీ అదే మాట చెబుతోంది. తాతయ్య రెండుసార్లు పొయ్యి ఆర్పడం మర్చిపోయాడు. ఒకసారి కారు కొట్టు దగ్గరే వదిలేసి నడిచి ఇంటికి వచ్చాడు. అమ్మ పోరుపెట్టినప్పుడల్లా ఆయన, నా బుర్ర నీ బుర్ర కన్నా గట్టిదే అని వెక్కిరించేవాడు. ఈసారి వెక్కిరించలేదు.

"హీటర్ పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు. నలభై ఏళ్లు చేసిన పని హాల్యా. అదే మర్చిపోయానంటే రోడ్డు మీద పిల్లని పెట్టుకుని ఏం మర్చిపోతానో."

హాల్యా, అంటే అమ్మ, ఆ రాత్రే కొనేవాళ్లకి ఫోన్ చేసింది. వాళ్లు ఆదివారం వస్తామన్నారు.

లెస్యా క్లిప్పుని దిండు కింద పెట్టుకుంది. ఇప్పుడది అమ్మమ్మ వస్తువులా లేదు. రాయిలా ఉంది. తాతయ్య వంటింట్లో పొయ్యి దగ్గరికి వెళ్లి, ఆర్పిన పొయ్యినే మళ్లీ మళ్లీ చూసుకుని వస్తున్నాడు. గడియ పెట్టిన తలుపు లాగి చూస్తున్నాడు. ముందు ఇలా చేసేవాడు కాదు.

శనివారం ఉదయం తాతయ్య ఆమెని పిలిచాడు. కొత్త హీటర్ బిగించాడు. కొనేవాళ్లకి చెడిపోయిన బండి ఇవ్వకూడదు కదా. చేతిలో ఒక కాగితం ఉంది. పెద్ద పెద్ద అక్షరాలతో చేయాల్సిన పనులన్నీ వరసగా రాసుకున్నాడు. ఒక్కోటి అయ్యాక పెన్సిలుతో గీత పెట్టాడు.

"నువ్వు చూస్తూ ఉండమ్మా. నేనెక్కడైనా తప్పితే చెప్పు. నన్ను నేనే నమ్మడం లేదు."

లెస్యా కాగితం చూసింది. నాలుగో వరసలో 'క్లిప్పు ఎక్కడ?' అని రాసి ఉంది. దాని కింద రెండు గీతలు.

ఆమె ఇంట్లోకి పరుగెత్తింది. తిరిగొచ్చి తాతయ్య అరచేతిలో క్లిప్పు పెట్టింది.

తాతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేనే తీశాను తాతయ్యా. టోపీకి వెళ్లినప్పుడు. నువ్వు వెతుకుతున్నప్పుడు నా జేబులోనే ఉంది."

"అయితే నేను మర్చిపోలేదా?"

"లేదు."

ఆయన బండి మెట్టు మీద కూలబడ్డాడు. తిడతాడనుకుంది లెస్యా. తిట్టలేదు.

"ఐదు రోజులు," అన్నాడు. "ఐదు రోజులు నా బుర్రలో ఏదో చచ్చిపోయిందనుకున్నానే తల్లీ."

లెస్యాకి ఏడుపొచ్చింది. ఆయన ఊరుకోమనలేదు. ఏడవనిచ్చాడు. కాసేపయ్యాక ఎందుకు తీశావని అడిగాడు. అది అమ్మమ్మది కదా అని చెప్పింది. ఆయన బొటనవేలితో ఊలుని నిమిరాడు.

"పద. నీళ్లు పెడదాం. నువ్వు లోపలికి వెళ్లు."

లెస్యా సింకు ముందు నిలబడి కుళాయి తెరిచింది. ముందు గాలి బుస్సుమంది. తర్వాత నీళ్లు తుంపర్లుగా చిమ్మాయి. ఆ తర్వాత ధార తిన్నగా పడింది.

"వచ్చింది!" అని అరిచింది.

బయట తాతయ్య చేతిలోని పానా కింద పడిన చప్పుడైంది. తర్వాత ఆయన "సరే" అన్నాడు.

అమ్మకి లెస్యాయే చెప్పింది. అమ్మ కోప్పడింది. ఆ తర్వాత కొనేవాళ్లకి ఫోన్ చేసి, ఈ ఏడాదికి అమ్మడం లేదంది.

జూలైలో ముగ్గురూ సరస్సుకి వెళ్లారు. బండి అమ్మ నడిపింది. అమ్మమ్మ ఏటా అక్కడ కూర్చునే మడతకుర్చీని ఇంట్లోనే వదిలేద్దామంది అమ్మ. తాతయ్య ఒప్పుకోలేదు. దాన్ని తెచ్చి ఖాళీగానే పొయ్యి పక్కన వేశారు.

ఒక ఉదయం తాతయ్య ఆ కుర్చీ వంక చూస్తూ అడిగాడు.

"మీ అమ్మమ్మ నీళ్లకని వెళ్లి ఇంతసేపేమిటే?"

అమ్మ అక్కడ లేదు. వచ్చేస్తుందిలే అనడం సులువు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

ఆమె వెళ్లి తాతయ్య చేయి పట్టుకుంది.

"అమ్మమ్మ లేదు తాతయ్యా. ఫిబ్రవరిలో చనిపోయింది."

తాతయ్య నీళ్ల వైపు చూశాడు.

"అవును కదా," అన్నాడు. చేయి మాత్రం వదల్లేదు.

అక్టోబరులో బండి అమ్ముదామని తాతయ్యే అన్నాడు. ఈసారి ఎవరూ కాదనలేదు. ఈసారి క్లిప్పు తప్పేమీ లేదు.

కొనడానికి ఒకామె తన ఆరేళ్ల కూతురిని తీసుకుని వచ్చింది. మంచు పడేలా ఉంది. ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వాలి. తాతయ్య కుర్చీలో కూర్చుని పానాల పెట్టె ఒళ్లో పెట్టుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చుంది లెస్యా.

"పెద్దది ఇవ్వు తాతయ్యా. అది కాదు. అది నా బొమ్మ సైకిలుకి సరిపోతుంది."

ఆయన నవ్వాడు. పెద్ద పానా అందించాడు.

నీళ్లన్నీ గడ్డి మీదికి పారాయి. లెస్యా బండిలోకి వెళ్లి, జేబులోంచి క్లిప్పు తీసి హీటర్ మీటకి పెట్టింది. తాతయ్య గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"అది నువ్వు ఉంచుకోవచ్చే. ఆవిడ ఏమీ అనుకోదు."

"ఇది ఉండాల్సింది ఇక్కడే తాతయ్యా."

తర్వాత ఆ చిన్నపిల్లని పిలిచి చూపించింది. ఈ ఎర్ర క్లిప్పు ఉన్నంతకాలం ఈ మీట ఎవరూ ముట్టుకోకూడదని చెప్పింది. నీళ్లు నింపేటప్పుడు ఒకరు లోపల నిలబడి "వచ్చింది" అని గట్టిగా అరవాలని చెప్పింది.

"ఇది ఎవరు చేశారు?" అని అడిగింది ఆ పిల్ల.

"మా అమ్మమ్మ."

బండి బయల్దేరి వీధి మలుపు తిరిగింది. తాతయ్య ఇంకా చేయి ఊపుతూనే ఉన్నాడు. లెస్యా ఖాళీ జేబులోంచి చేయి తీసి, తనూ ఊపింది.

పొట్నూరు అప్పలనరసమ్మ
వయసు డెబ్బై మూడు
ఇప్పుడు ఉంటున్నది డాఫిన్, మానిటోబా